శంకుస్థాపనకు అంత తొందరేమిటి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ బాధితుల పేరుతో మళ్లీ చందాలు మొదలయ్యాయి. డయాలసిస్ కేంద్రం కడతామంటూ ఒక సేవా సంస్థ ఫ్లెక్సీలు కట్టింది, క్యూఆర్ కోడ్ పంచింది, శంకుస్థాపనకు ముహూర్తం కూడా పెట్టేసింది. లక్ష్యం కోట్లలో ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందంటే జవాబు లేదు.

భవనం ఎలాగోలా లేస్తుంది. గోడ మీద పేరు చెక్కిస్తామంటే లక్షలిచ్చేవాళ్లూ దొరుకుతారు. కానీ రోగికి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు 4 గంటలు డయాలసిస్ జరగాలి. ఒక్కో విడతకు 100 లీటర్లకు పైగా శుద్ధిచేసిన నీరు కావాలి. ఆర్వో ప్లాంటు నిర్వహణ, టెక్నీషియన్ల జీతాలు, జనరేటర్‌కు డీజిల్ ఏ నెలా ఆగవు. మూడో ఏడాది కరెంటు బిల్లు ఎవరు కడతారు? పలాసలో 200 పడకల ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉండగా, కొత్తది ఏ మండలానికి అవసరం?

ఇవన్నీ తేల్చేదే ఫీజిబిలిటీ స్టడీ, అంటే సాధ్యాసాధ్యాల అధ్యయనం. ఆ సంస్థ కమిటీతో సంబంధం లేని వ్యక్తి కాశీబుగ్గ జీడి వ్యాపారులను, డాక్టర్లను, విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా కలవాలి. ఈ పని అవసరమేనా, ఈ కమిటీపై నమ్మకముందా, ఎంత ఇవ్వగలరు, ఎన్నేళ్లు ఇవ్వగలరు అని అడగాలి. ఎవరేమన్నారో కమిటీకి చెప్పకూడదు. అప్పుడే మొహమాటం లేకుండా నిజం చెబుతారు. ఆ తర్వాతే లక్ష్యం ఖరారు కావాలి, అవసరమైతే తగ్గాలి, అసలు మానుకోవాలి కూడా.

జనం ప్రాణాలు పోతుంటే సర్వేలేమిటి, అదో దండగ ఖర్చని కొందరంటున్నారు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు బియ్యం, టార్పాలిన్లు పంచడానికి ఎవరూ అధ్యయనం అడగలేదు, అడగకూడదు కూడా. ఏళ్ల తరబడి నడవాల్సిన కేంద్రం సంగతి వేరు.

మా ఆందోళన ఈ ఒక్క భవనం గురించి కాదు. ఇది పిల్లర్ల దగ్గరే ఆగిపోతే రేపు నిజంగా లెక్కలు వేసుకుని వచ్చినవాళ్లకూ తలుపులు మూసుకుంటాయి. గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద చెమటోడ్చి పంపిన వెయ్యి రూపాయలు ఒకసారి వృథా అయ్యాక, ఆ మత్స్యకారుడిని రెండోసారి ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? ఈ పద్ధతిని నేడు చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ప్రతి సంఘానికీ ఇదే దారి అవుతుంది.

ముహూర్తం వాయిదా వేయండి. ఇప్పటిదాకా వసూలైన డబ్బు లెక్క బయటపెట్టండి. ఇచ్చేవాళ్లతో ముందు మాట్లాడండి. ఆ మాత్రం ఓపిక లేనివాళ్లు రోగుల ఫొటోలను ఫ్లెక్సీల మీద నుంచి ఈరోజే తీసేయాలి.