నిల్ రిపోర్టు గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ నిల్ రిపోర్టు గారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ, ఊళ్లో రోగాలేవీ లేవని పైకి పంపే లెక్కే తమరు కాబట్టి, ఆ మాట మీద సర్వహక్కులూ తమరివే కదా.

వానలు పడ్డప్పటి నుంచి మా వీధిలో ఇంటికొకరు మంచం పట్టారు. ఊరి చివర ఆర్ఎంపీ డాక్టర్ ఇంటి ముందు వేపచెట్టుకు గ్లూకోజ్ సీసాలు వేలాడుతున్నాయి. ప్లేట్‌లెట్ల కోసం ఆకులన్నీ కోసుకుపోతే బొప్పాయి చెట్టు మోడై నిలబడింది. పండ్ల బండి మీద కివీ ధర ముట్టుకుంటే కాలుతోంది. తమరు మాత్రం చెక్కుచెదరలేదు. జ్వరాలు: సున్నా. విరేచనాలు: సున్నా. కామెర్లు: సున్నా. ఇంత ఆరోగ్యవంతమైన జిల్లాలో పుట్టినందుకు మాకే సిగ్గుగా ఉంది, అనవసరంగా మూలుగుతున్నామని.

తమరి పుట్టుక మంచిదేనని విన్నాను. రోగం లేకపోయినా లేదని రాయాలి, అప్పుడే ఏ ఊరు బాగుందో, ఏ ఊరు నోరు విప్పలేదో తెలుస్తుందని పెద్దలు తమరిని కనిపెట్టారు. 2004లో వ్యాధుల మీద నిఘా కార్యక్రమం వచ్చాక ఊళ్లో తిరిగే నర్సు ఏఎన్ఎంకు ఎస్ ఫారం, డాక్టరుకు పీ ఫారం, ల్యాబుకు ఎల్ ఫారం పంచారు. అనుమానం ఒకచోట, డాక్టరు అంచనా ఒకచోట, ల్యాబు నిర్ధారణ ఒకచోట. 2018లో అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కినప్పుడు మొదటి ఏడు రాష్ట్రాల్లో మన తెలంగాణ కూడా ఉంది. కాగితం పోయి ట్యాబ్ వచ్చింది. అందులోనూ ముందుగా పీట వేసుకుని కూర్చున్నది తమరే.

మా వదిన ఏఎన్ఎం. ఎందుకు వదినా సున్నా రాస్తరు అంటే ఆమె చెప్పిన మాట: “పన్నెండు మందికి జరమని రాస్తే సాయంత్రానికి నాకు జరమొస్తది బిడ్డా. నీళ్ల డ్రమ్ములు ఖాళీ చేయించే డ్రై డే చేసినవా, ఫొటో పెట్టినవా, ఎన్ని ఇండ్లు తిరిగినవ్ అని ఒకటే ఫోన్లు. నిల్ అని పెడితే సప్పుడే ఉండదు.” ఉన్నది ఉన్నట్టు రాసినామెకు మెమో, ఏమీ రాయనామెకు నిశ్చింత. ఇక తమరి వంశం వర్ధిల్లక ఏమవుతుంది?

డెంగీ దగ్గర తమరి చాకచక్యం చూసి తీరాల్సిందే. ప్రైవేటు ల్యాబులో పరీక్ష కార్డు మీద గీతలు పడ్డాయంటే ఇంటివాళ్లకు డెంగీ, బిల్లుకు డెంగీ, ఒక్క సర్కారుకు మాత్రం అనుమానం. ఎలైజా అనే రక్త పరీక్షలో తేలితేనే లెక్క. దాన్ని తప్పుపట్టను, కార్డులు పొరబడతాయి. కానీ అనుమానాలు రాసుకోవడానికే కదా మొదటి ఫారం పెట్టింది! అక్కడ పొరబడితే పోయేదేముంది, ఆ అంకె మీద ఒక కొట్టివేత గీత. నమూనా పట్నం చేరి, ఫలితం తిరిగొచ్చేసరికి రోగి లేచి తిరుగుతుంటాడు, లేదా హైదరాబాద్‌లో ఐసీయూలో ఉంటాడు. ఈలోగా మా నీళ్ల డ్రమ్ముల్లో ఇంకో తరం దోమ రెక్కలు విప్పుకుంటుంది. దానికి వారం, పది రోజులు చాలు.

అన్నట్టు, ఢిల్లీలో 2008 నుంచి పేపర్లు, టీవీలు చూసి రోగాలు పట్టుకునే విభాగం ఒకటుంది. జిల్లా పేజీలో ‘మంచం పట్టిన పల్లె’ అని పడితే, నిజమేనా అని అక్కడి నుంచి కిందికి అడుగుతారు. పక్క వీధి జ్వరం మనకు ఢిల్లీ మీదుగా తెలియడం చిన్న సంగతా?

ఎండాకాలం తమరికి ఇంకా సులువు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం వడగాలులను విపత్తుగా ప్రకటించి, చనిపోతే కుటుంబానికి 4 లక్షలన్నది. మంచి పని. కాకపోతే అది వడదెబ్బేనని తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ఒప్పుకోవాలి. ఉపాధి పనిలో కూలిపోయిన మనిషికి ఆ సంగతి ముందే ఎవరు చెప్తారు?

మనకు చేతకాదని మాత్రం అనను. మేడారం జాతర చూడండి. జంపన్న వాగు దగ్గర నుంచి గద్దెల దాకా డాక్టర్లు, మందులు, క్లోరిన్, అంబులెన్సులు. సమ్మక్క తల్లి తేదీ చెప్పి వస్తుంది కాబట్టి మనమూ సిద్ధంగా ఉంటాం. మోరంచ వాగు తేదీ చెప్పలేదు. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచపల్లి మీద పడింది, జనం మిద్దెలెక్కారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అదే వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిందని పదో వంతు కూడా వదలకుండా లెక్క కట్టారు. ఎందుకంటే వానను కొలిచే గొట్టానికి మెమో ఇచ్చేవాళ్లు లేరు.

కాబట్టి తమరిని ఉద్యోగం మానుకోమనను. ఒక్క చిన్న మనవి. సున్నా పక్కన ఇంకో గడి పెట్టించండి: ఎన్ని తలుపులు తట్టి ఈ సున్నా తెచ్చారు? అది నింపాక కూడా నిల్ అయితే మీకు కొబ్బరికాయ కొడతాను. పన్నెండు అని రాసినామెకు మెమో బదులు మరునాడు ఒక మనిషిని, ఒక రక్త పరీక్షల పెట్టెను పంపండి. అలా నాలుగు వానాకాలాలు చేస్తే వదిన తనంతట తానే నిజం రాస్తుంది. ఆమెకు రాయడం వచ్చు.

ఇట్లు,
తమరి లెక్కలో లేని ఒక జ్వరపీడితుడు

తా.క.: ఇప్పుడే మా వీధికి ఫాగింగ్ బండి వచ్చింది. డ్రమ్ముల్లో పురుగులను ఆ పొగ ఏమీ చేయదని డ్రైవరే చెప్పాడు. మరెందుకు తిప్పుతున్నావంటే, రేపు ఈ దారిన మంత్రిగారు వస్తున్నారట.