స్కార్ఫ్ ఆచూకీపై విచారణ సంఘం

అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ 2012లో 'రెడ్' ఆల్బమ్‌లో పాడిన 'ఆల్ టూ వెల్' పాటలో ఒక స్కార్ఫ్ ఉంది. ప్రియుడి సోదరి ఇంట్లో ఒక అమ్మాయి దాన్ని మరచిపోతుంది. ఆ స్కార్ఫ్ ఇప్పుడెక్కడుందో, ఆ ప్రియుడెవరో తేలేదాకా సంగీత విమర్శ ముందుకు సాగదని పెద్దలు తీర్మానించారు.

ప్రభుత్వాలు ఎలాగూ పట్టించుకోవు కనుక విచారణ సంఘాన్ని నేనే ప్రతిపాదిస్తున్నాను. అధ్యక్షుడుగా ఒక విశ్రాంత న్యాయమూర్తి, సభ్యులుగా ఒక జౌళి నిపుణుడు, ఒక వేలిముద్రల నిపుణుడు, స్విఫ్ట్ మాజీ ప్రియుల పేర్లను ఎక్కాల్లా అప్పజెప్పగల యూట్యూబ్ విశ్లేషకుడు ఉంటారు. స్కార్ఫ్ ఉన్నిదా నూలుదా అన్నది తేలకుండానే తొలిరోజు సంఘం టీకి లేస్తుంది. రెండో రోజు సోదరిగారి ఇంటి సొరుగులకు పంచనామా. మూడో రోజు వెనుక వరుసలోంచి ఒక గుమాస్తా లేచి, ఇంతకీ పాట బాగుందా అని అడిగితే, విచారణ పరిధిలో లేని అంశమని అతణ్ణి బయటికి పంపి, గడువు మరో ఆరు నెలలు పొడిగిస్తారు. ఇదంతా కల్పనే అయినా, ఆ ప్రియుడని జనం ఊహించిన నటుడి సోదరిని, ఆమే ఒక నటి, 2017లో ఒక టీవీ కార్యక్రమంలో ఈ స్కార్ఫ్ గురించి నిజంగానే అడిగారు. పాపం, తనకేమీ తెలియదని ఆమె చెప్పుకోవలసి వచ్చింది.

ఆ గుమాస్తా ప్రశ్నకు జనం ఎప్పుడో జవాబిచ్చారు. 2021 నవంబరులో వచ్చిన ఆ పాట పది నిమిషాల రూపం అమెరికాలో వారం వారం పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. అంత నిడివి గల పాట అక్కడికి చేరడం అదే ప్రథమం. 2023 మార్చి 17న అరిజోనాలోని గ్లెండేల్‌లో మొదలై 2024 డిసెంబరు 8న వాంకూవర్‌లో ముగిసిన 'ఎరాస్' యాత్ర 149 కచేరీల్లో, ఈ పది నిమిషాలనూ స్టేడియాలు ఆమెతో కలిసి కంఠతా పాడాయి. టిక్కెట్ల వసూళ్లు 200 కోట్ల డాలర్లు దాటాయి.

మొదట్లో ఫిర్యాదు వేరు: పాటలు ఆమెవి కావు, వెనుక ఎవరో రాసిపెడుతున్నారని. దానికి జవాబుగా 2010లో 'స్పీక్ నౌ' ఆల్బమ్‌లోని 14 పాటలనూ ఆమె ఒక్కతే రాసింది. మూతపడిన నోళ్లు మళ్లీ తెరుచుకుని, రాసింది సరే, ఎవరి మీద అన్నాయి. ప్రేమ చెడి గిటారు పట్టిన మగవాడు విరహకవి అవుతాడు. ఆమె మాత్రం చాడీలు చెప్పినట్టు లెక్క.

2013లో డెన్వర్‌లో ఫోటో దిగుతుండగా ఒక రేడియో వ్యాఖ్యాత ఆమె స్కర్టు కింద చెయ్యి పెట్టాడు. ఉద్యోగం పోయిందని అతడే ఆమెపై దావా వేస్తే, ఆమె ఒక్క డాలరు పరిహారం కోరుతూ ఎదురుదావా వేసి 2017లో గెలిచింది. గెలిచే ముందు సాక్షి బోనులో, ఫోటోలో స్కర్టు ముందు భాగం చెదరలేదేమని అవతలి న్యాయవాది అడిగితే, పిరుదులు ఒంటికి వెనుక ఉంటాయని ఆమె వివరించవలసి వచ్చింది. పాటలో పోయిన గుడ్డపీలిక కోసం ఏళ్ల తరబడి దేవులాడుతున్న మహానుభావుల్లో ఈ ప్రశ్న విని ఒళ్లు మండినవారెందరు? ఆడది పాడితే అక్షరమక్షరం నిజమేనట, ప్రమాణం చేసి చెబితే మాత్రం రుజువులు కావాలట. సిగ్గూ శరమూ ఉండనక్కర్లేదా?

2025 ఆగస్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ట్రావిస్ కెల్సీతో నిశ్చితార్థమైందని ఆమె ప్రకటించింది. ఇక పాటలకు సరుకెక్కడ దొరుకుతుందని పెద్దలకు బెంగ పట్టుకుంది.