సుకి ముందు 'ఒ' కాదు, 'గ'

జపనీస్ గురించిన ఒక వ్యాసంలో 'సుషి ఇష్టం' అనడానికి 'సుషి ఒ సుకి దెస్' అని రాశారు. 'ఒ' అంటే మన 'ని' లాంటి కర్మ ప్రత్యయం. అక్కడ 'గ' ఉండాలి: సుషి గ సుకి దెస్. సుకి (ఇష్టం) క్రియ కాదు, విశేషణం. అందుకే ఇష్టమైనది కర్మ అవ్వదు. మన 'నాకు సుషి ఇష్టం'లోనూ సుషికి 'ని' తగలదు కదా, ఆ అమరికే. కాకపోతే ఆ 'నాకు'ను పట్టుకుని 'వతషి ని' అనేస్తారు మనవాళ్లు (వతషి అంటే నేను, జపనీస్ 'ని' మన 'కు' లాంటిది). 'వతషి వ' ('నేనైతే' అన్నట్టు) అనాలి, మాటల్లో అదీ వదిలేస్తారు.

వ్యతిరేకం సుకి జ నై, గతం సుకి దత్త. చివర 'ఇ' ఉందని తకై (ఎత్తైన), సముయి (చలిగా ఉన్న) లాంటి విశేషణాల లెక్కన 'సుకికునై' చేస్తే తప్పు. నామవాచకం ముందు 'న' చేరుతుంది: సుకి న తబెమొనొ (ఇష్టమైన తిండి). పని ఇష్టమైతే క్రియకు 'నొ': హొన్ ఒ యొము నొ గ సుకి దెస్ (పుస్తకాలు చదవడం ఇష్టం). ఇక్కడ 'ఒ' చదవడానికి చెందింది, సుకికి కాదు. సుకిని పలికేటప్పుడు 'ఉ' దాదాపు మింగేయండి, 'స్కి' అన్నట్టు.

వడ్డించింది నచ్చకపోతే 'కిరై' (అయిష్టం) అనకండి, మరీ కటువు. 'చొత్తొ నిగతె దెస్' (నాకు కాస్త పడదు) చాలు. మనిషితో ఒంటరిగా 'సుకి దెస్' అంటే మాత్రం ప్రేమ చెప్పినట్టే. 'త్సుకిఅత్తె కుదసై' (నాతో ప్రేమలో ఉండండి) దాని వెనకే వస్తుంది. ఐషితెరు (ప్రేమిస్తున్నాను) మామూలు మాటల్లో అరుదు.