సవరణ: 45 శాతం తగ్గేది మొత్తం ఉద్గారాలు కావు

2030 నాటికి భారత్ తన కర్బన ఉద్గారాలను 45 శాతం తగ్గిస్తుందని, అది యూరప్ కోతకు దీటైనదని మొన్న రాశాను. అది తప్పు. 2022 ఆగస్టులో మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన పత్రంలో ఉన్నది జీడీపీ ఉద్గారాల తీవ్రతను 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామన్న మాట.

అంటే, ఉదాహరణకు, 2005లో కొంత విలువైన ఉత్పత్తికి 100 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడితే, 2030లో అంతే విలువకు 55 కిలోలే వెలువడాలి. ఉత్పత్తి బాగా పెరిగితే మొత్తం ఉద్గారాలు పెరగొచ్చు కూడా. యూరోపియన్ యూనియన్ 1990తో పోల్చి చెప్పిన కనీసం 55 శాతం మాత్రం నికర ఉద్గారాల్లోనే (వెలువడిన మొత్తంలోంచి అడవుల వంటివి పీల్చుకున్నది తీసేస్తే మిగిలేది) కోత. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

"తీవ్రత" అన్న మాట వదిలేయడం నా పొరపాటే. పాత పోస్టులో ఆ వాక్యం దిద్దాను. దాన్ని పంచుకున్నవారు దయచేసి ఇదీ పంచుకోండి.