రష్యాను చూసినవారు, రష్యాకు భయపడినవారు

1880లో జోసన్ (నాటి కొరియా రాజ్యం) రాయబారి కిమ్ హాంగ్‌జిప్ టోక్యో నుంచి తిరిగొస్తూ ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. రాసింది అక్కడి చైనా రాయబార కార్యాలయ ఉద్యోగి హువాంగ్ జున్‌షియన్. కొరియాకు అసలు గండం రష్యా అనీ, దాన్ని కాచుకోవాలంటే చైనాతో చనువుగా, జపాన్‌తో జట్టుగా, అమెరికాతో పొత్తుగా ఉండాలనీ దాని సారం. కొరియాను తప్పుదోవ పట్టించిన రాతల్లో దీన్ని ముందు వరుసలో పెడతాను.

భయానికి కారణం లేకపోలేదు. 1860 నాటి బీజింగ్ ఒప్పందంతో చైనా తీరభూములు రష్యాపరమై, తుమెన్ నది దగ్గర కొరియాకు కొత్త పొరుగు వచ్చింది. కానీ అది చైనా పోగొట్టుకున్న నేల, చైనా గుండెల్లో గుబులు. దాన్ని కొరియా నెత్తిన రుద్దారు. 1881లో కొరియా ఆగ్నేయ ప్రాంతమైన యాంగ్‌నామ్ పండితులు మూకుమ్మడిగా రాజుకు విన్నవించుకున్నారు: రష్యాతో మనకు పగ లేదు, ఊరికే ఎందుకు కయ్యానికి దిగాలని. పాశ్చాత్యులెవరూ వద్దనే ఛాందసం వారిది. అయినా ఈ ఒక్క విషయంలో వారిదే సరైన చూపు.

రష్యన్లను ఎదురుగా చూసి రాసినవారి ధోరణి వేరు. 1658లో చైనాను ఏలుతున్న చింగ్ వంశపు సేనకు తోడుగా 200 మంది తుపాకీ సైనికులను ఆమూర్ నదికి నడిపించిన జోసన్ సేనాని షిన్ ర్యు దినచర్య రాసుకున్నాడు. కొజాక్కుల (రష్యా తరఫు యోధుల) నావలను తగలబెడదామంటే, సొత్తు దక్కదని చింగ్ సేనాధిపతి అడ్డుపడ్డాడు. నావల్లో దాక్కున్నవారు కాల్చిన కాల్పులకు కొరియా సైనికులు బలయ్యారు. షిన్ ర్యు కోపమంతా ఆ సేనాధిపతి అత్యాశ మీదే. శత్రువుల చెకుముకి తుపాకుల మీద మాత్రం ఆయనకు ఆసక్తి. మన ఇళ్లకు రష్యా తెలుగు అనువాదాల రూపంలో వచ్చింది. కొరియన్లకు వచ్చింది తుపాకీ చప్పుడుతో. అయినా ఆ సేనాని చూపు మసకబారలేదు.

చైనా వైపు చూస్తే, 1680ల్లో ఆమూర్ తీరపు రష్యన్ కోట అల్బాజిన్ కోసం జరిగిన యుద్ధం నాటి పత్రాల్లో రష్యన్లను బౌద్ధ గ్రంథాల రాక్షసుల పేరుతోనే పిలిచారు. ఆ తరవాత ముప్ఫై ఏళ్లకే కాంగ్‌షి చక్రవర్తి దూతల్లో ఒకరిగా తులిషెన్ సైబీరియా మీదుగా వోల్గా తీరంలోని టోర్గుట్ అనే మంగోల్ తెగ ఖాన్ దగ్గరకు వెళ్లాడు. 1712లో బయలుదేరి 1715లో తిరిగొచ్చి, 1723లో ప్రచురించిన పుస్తకంలో నదులు, అడవులు, దూరాలు ఓపిగ్గా రాశాడు. రష్యన్లకు గొప్పలు, ఆశ ఎక్కువే కానీ కలిసిమెలిసి ఉంటారనీ, హాస్యప్రియులనీ, కొట్లాటలు తక్కువ, వ్యాజ్యాలు ఎక్కువ అనీ అన్నాడు. పొరుగూరి మనుషుల గురించి చెప్పినంత మామూలుగా ఉంటుంది ఆ వర్ణన. అదే దాని విలువ.

హువాంగ్ సలహాకు కాలమే జవాబిచ్చింది. 1895లో కొరియా రాణిని అంతఃపురంలోనే చంపించింది జట్టు కట్టమన్న జపాన్ ప్రతినిధే. మరుసటి ఫిబ్రవరిలో రాజు కోజాంగ్ తలదాచుకున్నది రాజధాని సోల్‌లోని రష్యా రాయబార కార్యాలయంలో. అదే ఏడాది నికొలస్ 2 పట్టాభిషేకానికి వెళ్లిన కొరియా దూత మిన్ యాంగ్‌హ్వాన్, తలపాగా తీస్తేనే చర్చిలోకి రానిస్తారని తెలిసి బయటే నిలబడ్డాడు. చైనా, టర్కీ, పర్షియా దూతలూ లోపలికి వెళ్లలేదని తన డైరీలో రాసుకున్నాడు. రాజుకు కాపలాగా సైన్యం కావాలని, అప్పు కావాలని అడిగాడు. ఆయన వెంట వచ్చింది రష్యా కల్నల్ పుత్యాతా, కొద్దిమంది సైనిక శిక్షకులు మాత్రమే.