తాళంకప్ప గారికి ఒక బడిపంతులు రాసే ఉత్తరం

మహారాజశ్రీ బడి పుస్తకాల బీరువా తాళంకప్ప గారికి,

చీపురుపల్లి వైపు ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాల నుంచి, ఏడేళ్లపాటు మీ తాళంచెవిని బండి తాళాల గుత్తిలో వేసుకుని తిరిగిన మాస్టారు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పుస్తకాలు మాత్రం బాగా నలిగాయి. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు మీ సేవలు ఒప్పుకోవాలి. నేను ఈ బడిలో చార్జి తీసుకున్న రోజున పాత మాస్టారు మీ తాళంచెవినీ, స్టాక్ రిజిస్టరునీ నా చేతిలో పెట్టి ఒకటే మాట అన్నారు: "బాబూ, పుస్తకం పోతే జీతంలో కోస్తారు." ఎవరి జీతంలో ఎంత కోశారో ఆయనా చూడలేదు, నేనూ అడగలేదు. ఇలాంటి భయాలకు సాక్ష్యం అక్కర్లేదు. అప్పటి నుంచి రిజిస్టరులో ఎన్ని ఉన్నాయో బీరువాలోనూ అన్నే. తనిఖీకి వచ్చినవాళ్లంతా లెక్క సరిపోయిందని సంతకం పెట్టి, టీ తాగి వెళ్లారు. "ఎవరు చదివారు" అనే గడి ఆ రిజిస్టరులో లేదు కాబట్టి ఆ ప్రశ్న రాలేదు.

మీది గొప్ప వంశం కూడాను. ఒకప్పుడు యూరప్ గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసేవారు. ఆ గొలుసు మీ ముత్తాత. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాసి, మొట్టమొదటిదే "పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే" అన్నారు. మీతో ఆయనకు పరిచయం లేదనుకుంటాను.

ఏడాదికొకసారి, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు మాత్రం మీరు నోరు తెరవక తప్పేది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటో ఉండేది మీ బీరువాలోనే కదా. మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పిల్లల చదువు పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఉండాలని పోట్లాడిన మనిషి. ఆయన్ను పెరోలు మీద బయటికి తెచ్చి, దండ వేసి, వ్యాసరచన పోటీ పెట్టి, సాయంత్రానికి మళ్లీ మీకు అప్పగించేవాళ్లం. అంశం "పుస్తక పఠనం వల్ల లాభాలు". నేను బోర్డు మీద రాసిన ఐదు లాభాలనూ పిల్లలు గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకునేవారు. మొదటి బహుమతి స్టీలు గిన్నె.

మీకు చెడ్డరోజులు ఎలా వచ్చాయో చెబుతాను. లైబ్రరీ పీరియడ్ ఫొటో వెంటనే పెట్టమని ఒకరోజు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. మిమ్మల్ని తీశాను. పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టి, తలా ఒక పుస్తకం ఇచ్చి, ఫొటో కొట్టి, పుస్తకాలు వెనక్కి తీసుకుంటున్నాను. మూడో తరగతి పిల్ల ఒకతె ఇవ్వదు. పేజీ మధ్యలో చూపుడువేలు పెట్టి, పుస్తకాన్ని గట్టిగా గుండెకు పట్టుకుంది.

"మాస్టారూ, మేకపిల్ల సంతలో తప్పిపోనాది. మరి ఇంటికొచ్చిందా, నేదా?"

తర్వాత చెబుతాలే అని లాక్కున్నాను. మర్నాడు ప్రార్థన అవగానే అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. నాలుగోరోజు నా మొహంలోకి చూసి, "మీకూ తెల్దేటి మాస్టారూ?" అంది. ఇన్నేళ్ల సర్వీసులో ఏ తనిఖీలోనూ నాకు అంత చెమట పట్టలేదు.

ఆ సాయంత్రం మిమ్మల్ని తీసి, మళ్లీ వేయలేదు.

టెన్షన్ పడ్డ మాట నిజం. రూల్సు వెతికాను. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి, 2017, 215వ నిబంధన చూడండి. ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోయినా, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే సబబేనట. అది ఢిల్లీ ఆఫీసుల కోసం రాసుకున్నదే అనుకోండి. కానీ అక్కడివాళ్లకే వెయ్యికి ఐదు పోతాయని తెలిస్తే, ఇక్కడ నేను ఏడేళ్లు సున్నా కోసం కాపలా కాశాను. ఇంకో తమాషా, ఆ ఐదు ఇచ్చిన వెయ్యికి. ఒక్కటీ ఇవ్వనివాడికి ఒక్కటి పోగొట్టుకునే హక్కు కూడా లేదు.

ఇప్పుడు వరండాలో రెండు స్తంభాల మధ్య దండెం కట్టాం. పుస్తకాలు తువ్వాళ్లలా దాని మీద వేలాడుతుంటాయి, గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు. భోజనాలయ్యాక పావుగంట నేను ఒక కథ పైకి చదువుతాను. పులి పొద చాటున నక్కిందనగానే పుస్తకం మూసి దండెం మీద పడేస్తాను. ఇంటికెళ్లే గంటకు దాని కోసం తోపులాట. ఒకటో తరగతి వాళ్లకు పుస్తకాలు చాలకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతున్నాయి, ఫోనులో చూసి చదువుతున్నాను. ఎవరు ఏది తీసుకెళ్లారో ఐదో తరగతి వాళ్లే ఒక నోట్‌బుక్‌లో రాస్తారు. నా రిజిస్టరు కన్నా అదే శుభ్రంగా ఉంది. నష్టం: ఒకదాన్ని దూడ నమిలింది. ఇంకొకటి సంక్రాంతికి పార్వతీపురం వెళ్లి అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది. ఆవిడకు చదవడం రాదు, మనవరాలు మళ్లీ వచ్చినప్పుడు చదివించుకుంటానని దాచుకుందట.

శ్రీకాకుళంలో కారా మాస్టారు, అంటే కథలు రాసిన కాళీపట్నం రామారావు గారు, 1997 ఫిబ్రవరి 22న తెలుగు కథల కోసం కథానిలయం తెరిచారు. ఆయనా మాలాగే బడిపంతులు. తోడల్లుడింటికి వెళ్లినప్పుడల్లా దాని ముందునుంచే వెళ్లేవాణ్ణి, బోర్డు చదివి వచ్చేసేవాణ్ణి. మొన్న లోపలికి వెళ్లాను. తాళంకప్పల గురించి మీ చెవిన వేయాల్సిన విషయం అక్కడేమీ కనపడలేదు.

మీకు బదిలీ అయింది. బియ్యం, గుడ్లు ఉండే గదికి. కౌన్సెలింగ్ లేదు, ఆప్షన్లు లేవు, మా బదిలీల కన్నా చాలా తొందరగా తేలిపోయింది. అక్కడ మీతో నిజంగా పనుంది.

అన్నట్టు, ఆ మేకపిల్ల సంగతి మీకూ తెలియదు కదా, ఏడేళ్లూ దాని గుమ్మంలోనే వేలాడినా? పుస్తకం ప్రస్తుతం బడిలో లేదు. ఆ పిల్ల తన తమ్ముడి కోసం పట్టుకెళ్లింది. సోమవారం తెస్తానంది.

ఇట్లు,
లెక్క తప్పిన మాస్టారు