ధర వారిది, లీటరు మనది

పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ వాహనదారుడికి సలహాలూ పెరుగుతాయి. టైర్లలో గాలి చూసుకోండి, అనవసరంగా తిరగకండి, వీలైతే నడవండి అని చెప్పేవాళ్లలో చాలామందికి ఆ నెల ఏ ఖర్చు కోసుకోవాలో తేల్చుకోవాల్సిన అవసరం ఉండదు. అందుకే అవి వింటే చిరాకు పుడుతుంది. అయినా ఈ సంపాదకీయమూ ఆ సలహాల జోలికే వెళ్తోంది. వాటిలో కొన్ని నిజంగా డబ్బు మిగులుస్తాయి, కొన్ని శుద్ధ దండగ. రెంటినీ ఒకే గాటన కట్టి చెప్పడం వల్లే జనం అన్నిటినీ వినడం మానేశారు.

ముందు ధర సంగతి. 2008 జులైలో పీపా ముడిచమురు 147 డాలర్లకు చేరింది. అదే ఏడాది డిసెంబరులో 40 డాలర్ల దిగువకు జారింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందు తేదీకి సరుకు ఇచ్చే ఒప్పందాల) ధర సున్నా కంటే 37 డాలర్లు కిందికి పడింది, అంటే అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి వదిలించుకునే స్థితి. రెండేళ్లు తిరగకుండానే, 2022 మార్చిలో, అంతర్జాతీయ ధరలకు కొలమానమైన బ్రెంట్ రకం ముడిచమురు 139 డాలర్లను తాకింది. ఈ ఎగుడుదిగుళ్లలో ఒక్కదానికైనా కారు నడుపుకునే సామాన్యుడు కారణం కాడు, వాటిని ముందుగా పసిగట్టే దారీ అతనికి లేదు. పైగా బంకులో చెల్లించే ధరలో ముడిచమురు ఒక భాగమే. శుద్ధి ఖర్చు, రవాణా, డీలరు కమీషను, పన్నులు దానికి తోడవుతాయి. లీటరుకు ఇంత అని పన్ను స్థిరంగా ఉన్నచోట ముడిచమురు సగానికి పడినా బంకు ధర సగం కాదు. పెరిగేటప్పటి తొందర తగ్గేటప్పుడు కనిపించదు కూడా. ఆర్థికవేత్త రాబర్ట్ బేకన్ 1991లో బ్రిటన్ పెట్రోలు ధరలను పరిశీలించి ఈ తీరును ‘రాకెట్లు, ఈకలు’ అన్నారు. ఎగిసేది రాకెట్టులా, దిగేది ఈకలా. కాబట్టి ఎప్పుడో తగ్గుతుందిలే అని కాచుకుని కూర్చుంటే ఈ నెల బిల్లు తీరదు. లీటరు ధర మన చేతిలో లేదు. నెలకు ఎన్ని లీటర్లు కాలుస్తామన్నది, పూర్తిగా కాకపోయినా, చాలావరకు మన చేతిలో ఉంది.

కోపంలో మొదట తోచే పనులే తక్కువ ఫలితం ఇస్తాయి. ఫలానా రోజున ఎవరూ పెట్రోలు కొనవద్దన్న పిలుపు చూడండి. 1999లో అమెరికాలో ఈమెయిళ్ల ద్వారా ఇలాంటి పిలుపు ఊరూరా తిరిగింది. ఆ తరవాత ధరలు పెరిగినప్పుడల్లా దాన్ని ఎవరో ఒకరు మళ్లీ తవ్వి తీస్తూనే ఉన్నారు. ఆ రోజు కొననివాడు ముందురోజో మర్నాడో కొంటాడు. నడిపే దూరం తగ్గనప్పుడు అమ్మకం ఎక్కడికీ పోదు, తేదీ మారుతుందంతే. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఎగబడి కొనడం. 2021 మేలో సైబర్ దాడి కారణంగా అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ ఆగినప్పుడు బంకుల ముందు బారులు తీరిన జనానికి, ప్లాస్టిక్ సంచుల్లో పెట్రోలు నింపవద్దని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ చెప్పాల్సి వచ్చింది. చదివితే నవ్వొస్తుంది. కానీ పెట్రోలు ఆవిరికి మంటతో పనిలేదు, నిప్పురవ్వ చాలు. ఇంట్లో డబ్బాల్లో నిల్వ చేసి మిగిల్చే నాలుగు డబ్బులు ఆ ప్రమాదం ముందు లెక్కలోకి రావు.

తక్కువ ధరకు దొరికే బంకు కోసం వెతకడం ఇంతకంటే తెలివైన పనిలా కనిపిస్తుంది. దాన్ని లెక్కవేసి చూద్దాం. ఒక బంకులో ధర ఒక శాతం తక్కువ. అక్కడ 30 లీటర్లు పోయిస్తే మిగిలేది లీటరులో పదింట మూడు వంతుల విలువ. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ పెట్రోలుతో నాలుగున్నర కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ అంతకంటే ఎక్కువ దూరమైతే చౌక బంకుకు వెళ్లినవాడు నష్టపోయినట్టే, అక్కడి వరుసలో ఇంజను ఆపకుండా నిలబడితే మరీను. ఆ బంకు రోజూ వెళ్లే దారిలోనే ఉంటే అక్కడే పోయించుకోవాలి. అందులో అనుమానం లేదు.

ధరలు మండుతున్నప్పుడే మైలేజీ పెంచుతామనే పరికరాలు, మందులు బజారులోకి వస్తాయి. ఇంధన గొట్టానికి తగిలించే అయస్కాంతం, ట్యాంకులో వేసే గుళిక, సిగరెట్ లైటరు రంధ్రంలో గుచ్చే చిన్న పెట్టె. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. ఏదో కొద్దిపాటి మేలు చేసినవి వేళ్ల మీద లెక్కించదగినవి. కొన్ని ఇంజనుకే చేటు చేసేవి. ఖరీదైన ప్రీమియం పెట్రోలు కథా ఇలాంటిదే. మామూలు పెట్రోలు చాలని వాహనంతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటే, ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఆ పెట్రోలు పోయించినందువల్ల ఒరిగేది లేదు. ప్రీమియమే పోయాలని తయారీదారు షరతు పెట్టిన ఇంజనుకు మాత్రం పొదుపు పేరుతో మామూలుది పోయడం మంచిది కాదు.

మరి డబ్బు ఎక్కడుంది? ఎక్కువ భాగం కుడికాలి కింద. ఎదురుగా రెండొందల మీటర్ల దూరంలో ఎర్రదీపం కనిపిస్తోంది. చాలామంది యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి దగ్గరదాకా వెళ్లి బ్రేకు తొక్కుతారు. అంత బరువును ఆ వేగానికి తేవడానికి కాల్చిన పెట్రోలు ఇచ్చిన ఊపంతా బ్రేకుల దగ్గర వేడిగా మారి గాలిలో కలుస్తుంది. దీపం చూసిన క్షణమే కాలు తీసి, గేరులోనే ఉంచితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లలో కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. ఆ రెండొందల మీటర్లూ కారు దాదాపు ఉచితంగా నడుస్తుంది. గేరు తీసి న్యూట్రల్‌లో దొర్లించడమే పొదుపని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంప్యూటర్ లేని పాత కార్బ్యురేటర్ల కాలం నాటి ఆ అలవాటు ఈ ఇంజన్లకు సరిపడదు. న్యూట్రల్‌లో ఇంజను ఆగకుండా ఉండటానికి ఎంతో కొంత పెట్రోలు కాలుతూనే ఉంటుంది, ఇంజను పట్టు లేక కారు అదుపూ తగ్గుతుంది. పల్లంలో ఏకంగా తాళం తిప్పి ఇంజను ఆపేసే సాహసికులకు ఒక్క మాట: అలా చేస్తే బ్రేకులకు, స్టీరింగుకు అందే అదనపు బలం పోతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిరిగితే స్టీరింగే బిగుసుకుపోవచ్చు. పెట్రోలు ఎంత ప్రియమైనా ప్రాణమంత ప్రియం కాదు.

ఎగదోసి తోలడం, వెంటనే బ్రేకు వేయడం, మళ్లీ ఎగదోయడం. ఈ తీరు హైవే మీద మైలేజీని 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే రద్దీలో 10 నుంచి 40 శాతం తగ్గిస్తుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. బంకులో ఒక్కరోజులో ధర 20 శాతం పెరిగితే వీధుల్లో ఆందోళనలు మొదలవుతాయి. అదే 20 శాతాన్ని కాలితో పోగొట్టుకునేవాడికి అది పోతున్నట్టే తెలియదు.

వేగం సంగతీ అంతే. గాలి నిరోధం వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కను) బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళితే వేగం పెరిగేది పావు వంతు, గాలి అడ్డుకునే బలం పెరిగేది సగానికి పైగా. 60 కిలోమీటర్ల ప్రయాణంలో దానివల్ల కలిసొచ్చేది తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలు ఎవరికైనా నిజంగా అవసరమైతే కొనుక్కోవచ్చు. కొంటున్నామని తెలిసి కొనుక్కోవాలి. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు ఆంక్షలతో పీపా ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైనప్పుడు అమెరికా 1974 జనవరిలో దేశమంతటికీ గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టింది వేగానికీ చమురుకూ ఉన్న ఈ లంకె చూసే. ఆ పరిమితిని జనం తిట్టుకుంటూనే 1995లో రద్దయ్యేదాకా భరించారు.

మిగిలినవి చిన్నవి, చకచకా చెప్పుకోవచ్చు. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. సరైన లెక్క డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితంలో ఉంటుంది, టైరు మీద అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. కారు పైన ఖాళీగా బిగించి ఉంచిన సామాను పెట్టె హైవే మీద బాగానే పెట్రోలు తాగుతుంది, పని లేనప్పుడు విప్పేయడం మేలు. పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే, రోడ్డు మీది వరుసలో కాకపోతే, ఇంజను ఆపడమే లాభం. ఏసీ మీద ఇళ్లలో జరిగే వాదన ఎప్పటికీ తెగదు గానీ, ఊళ్లో నెమ్మదిగా పోతుంటే అద్దాలు దించుకోవడం, హైవే మీద అద్దాలు ఎత్తి ఏసీ వేసుకోవడం ఉజ్జాయింపుగా సరైన పద్ధతి.

నడిపే తీరు మార్చడంతో పాటు ప్రయాణాలను కూర్చుకోవడంలోనూ లాభం ఉంది. చల్లారిన ఇంజను వేడెక్కేదాకా మామూలు కంటే ఎక్కువ తాగుతుంది. చల్లని ఇంజనుతో విడివిడిగా చేసిన చిన్న ప్రయాణాలు, అన్ని పనులూ కలిపి ఒకేసారి చేసుకొచ్చిన అంతే దూరపు ప్రయాణం కంటే రెట్టింపు ఇంధనం కాల్చగలవు. ఉదయం పిల్లలను దించి ఇంటికి రావడం, మళ్లీ మందులకని బయల్దేరడం, సాయంత్రం ఇంకేదో తేవడానికి మరోసారి తాళం తీయడం. ఏ ఒక్కటీ దుబారా అనిపించదు. బండిని తిట్టే ముందు ఆ నెలలో అది రెండు కిలోమీటర్ల లోపు దూరానికి ఎన్నిసార్లు బయటికి వచ్చిందో ఇంట్లో లెక్క చూసుకోవడం మంచిది. ఒకే చోట పనిచేసే ఇద్దరు ఒకే కారులో వెళితే ఆ దారి ఖర్చు చెరి సగం. నాలుగు టైర్లలో ఏడాది పొడవునా గాలి చూసుకున్నా అంత మిగలదు. అయితే పక్కింటాయన సమయపాలనను రోజూ భరించాలి. అది పెట్రోలు లెక్కలో రాని ఖర్చు.

ఇంట్లో రెండు వాహనాలున్నవారు ఒక పొరపాటు తరచూ చేస్తారు. మైలేజీ అంకె ఎంత ఎక్కువ పెరిగితే పొదుపు అంత ఎక్కువని అనుకుంటారు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 20 నుంచి 25కు మారితే 10 లీటర్లు మిగులుతాయి. అదే వెయ్యి కిలోమీటర్లు తిరిగే పాత బండి 10 నుంచి 12కు మారితే దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. అంకెలో పెరుగుదల రెండే, పొదుపు మాత్రం ఎక్కువ. కాబట్టి ముందు కదిలించాల్సింది బాగా తాగే బండిని. దూరపు తిరుగుడు పొదుపైన బండికి అప్పగించి, తాగే బండిని ఇంటి దగ్గరి పనులకు ఉంచుకోవాలి. పోనీ కొత్త బండే కొందామంటే తొందరపడకూడదు. ధరలు మండుతున్నప్పుడు చిన్న కార్లకు గిరాకీ పెరుగుతుంది, పెద్ద బండికి మారుబేరం పడిపోతుంది. రెండు వైపులా నష్టపోయే సమయమది. నెలకు మిగిలే పెట్రోలు విలువను కొత్త అప్పు వడ్డీ పక్కన పెట్టి చూస్తే చాలామంది ఉత్సాహం అక్కడే చల్లారుతుంది. విద్యుత్ వాహనం విషయంలోనూ లెక్క ఇదే. రోజూ ఎక్కువ తిరిగేవారికి, ఇంటి దగ్గరే చార్జింగు వసతి ఉన్నవారికి గిట్టుబాటు తొందరగా వస్తుంది, నెలకు నాలుగుసార్లు బండి తీసేవారికి రాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ చేయగలిగినవారికి. పని దూరంగా, బస్సు రాని చోట ఇల్లు ఉన్నవారికి, రాత్రి షిఫ్టు చేసేవారికి, బండే బతుకుతెరువైనవారికి ప్రయాణం తగ్గించుకోమనడం అన్నం తగ్గించుకోమనడంతో సమానం. వాళ్లను చూపించి ప్రభుత్వాలు చేసే తేలిక పని పన్ను కోత. ఆ కోతలో పెద్ద వాటా ఎక్కువ లీటర్లు కాల్చేవారికే పోతుంది, వాళ్లలో ఎక్కువమంది పేదలు కారు. జర్మనీ 2022 జూన్ నుంచి ఆగస్టు వరకు రెండు పనులూ ఒకేసారి చేసి చూపించింది. ఒకటి ఇంధన పన్ను కోత. రెండోది నెలకు 9 యూరోలతో దేశమంతటా స్థానిక, ప్రాంతీయ రైళ్లు, బస్సులు ఎక్కే టికెట్. కోతకు గడువు తీరగానే పన్ను తిరిగి వచ్చింది. టికెట్‌కు మాత్రం జనం అలవాటు పడి, ఖరీదు పెంచైనా కొనసాగించక తప్పని పరిస్థితి తెచ్చారు. 2023 మేలో అది 49 యూరోల టికెట్‌గా మళ్లీ వచ్చింది. పన్ను తగ్గించడానికి పెట్టే సొమ్ములో కొంత బండి మీద బతికేవారికి నేరుగా, మిగతాది బస్సులకు ఇవ్వాలన్నది మా అభిప్రాయం.

ఉద్యోగం ఇచ్చేవారి గురించి ఈ చర్చలో ఎవరూ మాట్లాడరు. 2022 మార్చిలో అంతర్జాతీయ ఇంధన సంస్థ పది చర్యల ప్రణాళిక ప్రకటించింది. సంపన్న దేశాలు వాటిని పాటిస్తే నాలుగు నెలల్లో రోజుకు 27 లక్షల పీపాల చమురు వాడకం తగ్గుతుందని అంచనా వేసింది. అందులో హైవేలపై కార్ల వేగ పరిమితిని 10 కిలోమీటర్లు తగ్గిస్తే వచ్చే పొదుపు సుమారు 2.9 లక్షల పీపాలు. వీలున్న ఉద్యోగులు వారానికి మూడు రోజులు ఇంటి నుంచి పనిచేస్తే వచ్చేది దాదాపు 5 లక్షలు. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనికి కూడా ఉద్యోగిని వారమంతా రప్పించుకునే సంస్థ, తన హాజరు పట్టీ ఖర్చును ఆ ఉద్యోగి ట్యాంకులోంచి వసూలు చేస్తోంది. దీన్ని మార్చడానికి చట్టం అక్కర్లేదు, కొత్త బస్సులూ కొనక్కర్లేదు. ధర పెరిగిన వారంలోనే ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.